లాభం లేదన్నది ఎవరి లెక్క?

ఈ పక్షం శ్మశానం స్థలం గురించి రాయడానికి కూర్చున్నాం. సర్వే నెంబరు, తహసీల్దారు ఇచ్చిన కాగితం, ధర్నాలో ఎవరేం మాట్లాడిందీ అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. అది వచ్చే సంచికలో వస్తుంది. ఆ స్థలంలోనే పదిహేను రోజుల కిందట ఒక మనిషిని మట్టిచేసి వచ్చాం. పోయేముందు ఆమె ఎట్లా బతికిందో ముందు రాయాలి. అందులో మా తప్పెంతో కూడా రాయాలి.

ఆమె మాకు చిన్నమ్మ వరస. యాభై దాటిన మనిషి. మిరపకోతలకు ముఠా కట్టి ముందు నడిచేది. కిందటి క్రిస్మస్ పండగ అయిన వారానికి ఒళ్ళంతా దురద మొదలైంది. అరచేతులు, అరికాళ్ళు, రాత్రయితే మరీ ఎక్కువ. మిరప ఘాటన్నారు కొందరు, గజ్జన్నారు కొందరు. ఆర్.ఎం.పి. పైపూత మందిచ్చాడు. చిన్నమ్మ మంచం మీద పడుకోలేక గుంజకు వీపు ఆనించి రుద్దుకునేది. సంక్రాంతి దాటాక కళ్ళు పచ్చబడ్డాయి. ఒంటేలు చిక్కటి టీ డికాషన్ రంగు, దొడ్డికి పోతే తెల్లబంకమట్టి రంగు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు గనక భయమూ లేకపోయింది.

తర్వాత మన పల్లెల్లో జరిగేదే జరిగింది. మూడు ఆదివారాలు పసరు మందు తాగించారు. ఉప్పూ నూనే మాన్పించారు. అది కుదరక చేతి మణికట్టు మీద వాతలు పెట్టించారు. నెలన్నర పోయింది. ఫిబ్రవరి ఆఖరులో పట్నం తీసుకుపోయి ఒక ఆసుపత్రిలో స్కానింగు తీయించారు. డాక్టరు కొడుకుని పక్కకు పిలిచి చెప్పింది మూడు ముక్కలు. లోపల గడ్డ ఉంది. పైత్యరసం దారి మూసుకుపోయింది. లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి.

"దురదకన్నా ఏదన్నా ఇవ్వండి సార్" అని అడిగాడు కొడుకు. ఇంకో పైపూత రాసిచ్చారు.

ఆ స్కానింగు కాగితం మా చేతుల్లోకి కూడా వచ్చింది. మేం డిగ్రీలు చదివినవాళ్ళం, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళం. చదివాం, గుండె బరువెక్కింది, మడిచి తిరిగి ఇచ్చేశాం. డాక్టరు లాభం లేదన్నాడంటే లేదేలే అనుకున్నాం. మూడు వారాల తర్వాత నర్సింగు చదువుతున్న మన పల్లె పిల్ల సెలవుకొచ్చి అదే కాగితం చూసి, "పి.టి.బి.డి. గురించి చెప్పలేదా మావయ్యా?" అని మమ్మల్ని అడిగింది. ఆ మాట మేం అప్పుడే మొదటిసారి విన్నాం. అందుకే ఇది రాస్తున్నాం.

లోపల జరిగేదేమిటో మన జనానికి వేరే చెప్పనక్కర్లేదు. మేకను కోసి పాళ్ళు వేసినవాళ్ళందరికీ తెలుసు. కార్జం కింద ఆకుపచ్చగా చేదు తిత్తి ఉంటుంది. అది చితికితే కూర మొత్తం విషమవుతుందని ఎంత ఒడుపుగా తీస్తాం! మనిషిలోనూ అదే. కార్జం రోజుకు అర లీటరు నించి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. చచ్చిపోయిన ఎర్ర రక్తకణాల నించి వచ్చే పసుపు పదార్థం ఆ రసంలో కలిసి బయటికి పోవాలి. కార్జంలో చెట్టు కొమ్మల్లాగా సన్న గొట్టాలుంటాయి. కుడి కొమ్మ, ఎడమ కొమ్మ కలిసి ఒక్క గొట్టమై, చేదు తిత్తి గొట్టాన్ని కూడా కలుపుకుని, క్లోమం తల పక్కగా దిగి చిన్నపేగులోకి పోతుంది. దారిలో ఎక్కడ గడ్డ లేచినా రసం వెనక్కి తన్నుతుంది. గడ్డ ఆ గొట్టంలోనే పుట్టొచ్చు, చేదు తిత్తిలో, క్లోమం తలలో పుట్టొచ్చు. పసుపు రక్తంలో కలుస్తుంది, కళ్ళలో కనిపిస్తుంది, ఒంటేల్లో దిగుతుంది. పేగులోకి రంగు పోదు గనక దొడ్డి తెల్లబడుతుంది. రసంలోని పదార్థాలు ఒంట్లో నిలవుండి దురద పుట్టిస్తాయి. చర్మం మీద ఎంత పూత రాస్తే మాత్రం లోపలి అడ్డం పోతుందా?

పసరు మందుకు పేరెందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. మన పెద్దల్ని వెక్కిరించడానికి కాదు. కలుషిత నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది. దారి మూసుకుపోయి వచ్చిన కామెర్లు మాత్రం అట్లా తగ్గవు. నొప్పి లేకుండా పెరిగే పచ్చదనం, దురద, తెల్ల దొడ్డి, డికాషన్ రంగు ఒంటేలు, నడివయసు దాటిన మనిషి చిక్కిపోవడం – ఇవి కలిసి కనపడితే ఒక్క వారం కూడా ఆగకుండా స్కానింగుకు పోవాలి. అన్నీ క్యాన్సరే అనుకుని బెదరాల్సిన పనీ లేదు. రాయి అడ్డం పడినా ఇట్లాగే ఉండొచ్చు, రాయయితే తీసేస్తారు. ఏదన్నది తేలాలంటే ముందు పోవాలి కదా.

ఇక ఆ పిల్ల చెప్పిన పద్ధతి. దాన్ని చేసేవాళ్ళను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులంటారు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండు తెరమీద చూస్తూ సూదితో, తీగతో లోపల పనిచేసే డాక్టర్లు. కడుపు కొయ్యరు. మత్తు కూడా చాలామందికి సూది గుచ్చే చోటే ఇస్తారు. కుడివైపు పక్కటెముకల సందులోంచో, రొమ్ముఎముక కిందనించో, అల్ట్రాసౌండులో చూస్తూ జడపిన్ను కంటే సన్నని సూదిని కార్జంలో ఉబ్బిన గొట్టంలోకి పంపుతారు. మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తే అడ్డం ఎక్కడుందో చెట్టు కొమ్మ విరిగినట్టు కనిపిస్తుంది. సూదిలోంచి తీగ, తీగ మీదుగా మెత్తటి గొట్టం. మూసుకున్న రసం బయట సంచిలోకి దిగుతుంది. తీగ గడ్డను దాటి పేగులోకి పోగలిగితే ఇంకా మంచిది. అప్పుడు రసం పేగులోకే పోయేట్టు గొట్టం పెడతారు. కొన్నాళ్ళకు లోపల స్టెంటు వేసి బయటి గొట్టం తీసేస్తారు కూడా. ప్లాస్టిక్ స్టెంటు మూడు మిల్లీమీటర్ల మందం, మూడు నెలలు అటూ ఇటుగా పూడుకుపోతుంది. లోహపు వల స్టెంటు లోపలికి పోయాక పెన్సిలు కంటే లావుగా విచ్చుకుంటుంది, ఎక్కువ కాలం పనిచేస్తుంది, ఖరీదూ ఎక్కువే.

ఇంకో దారి కూడా ఉంది. నోట్లోంచి కెమెరా గొట్టం దించి, పేగు వైపు నించి స్టెంటు పెట్టడం. దాన్ని ఇ.ఆర్.సి.పి. అంటారు. అడ్డం కింద, క్లోమం దగ్గరుంటే మామూలుగా అదే ముందు చూస్తారు. అడ్డం పైన, రెండు కొమ్మలు కలిసే చోట ఉన్నా, కెమెరా దారి కుదరకపోయినా కార్జం మీదుగా సూదితో పోతారు. చిన్నమ్మకు గడ్డ సరిగ్గా ఆ కలిసే చోటే ఉంది.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన పని కాదు. కార్జం మీదుగా సూది పెట్టి పైత్య గొట్టాల బొమ్మ తీసిన సంగతి 1937లో ఫ్రెంచివాళ్ళ ఏలుబడి కింద ఉన్న వియత్నాం నించి లోకానికి తెలిసింది. హనోయిలో హువార్ అనే ఫ్రెంచి డాక్టరు, దో సువాన్ హోప్ అనే వియత్నాం డాక్టరు కలిసి చేశారు. బానిస దేశపు ఆసుపత్రిలో! 1964 జనవరిలో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే డాక్టరు 82 ఏళ్ళ ముసలమ్మకు కాలి రక్తనాళంలో మూసుకున్న దారిని తీగతో, గొట్టంతో తెరిచాడు. కాలు తీసెయ్యాలన్నారు, ఆమె ఒప్పుకోలేదు. కాలు నిలబడింది. జపాన్‌లో చిబా విశ్వవిద్యాలయం వాళ్ళు 1970లలో సన్నసూదిని వాడుకలోకి తెచ్చాక కార్జంలోకి పోవడం భద్రమైంది. 1974 నాటికే ఈ దారిన గొట్టం పెట్టి కామెర్లు దించుతున్నారు. అంటే మాలో కొందరం పలకా బలపం పట్టే రోజులకే ఈ పద్ధతి ఉంది. యాభై ఏళ్ళు దాటినా మన పల్లెకు కబురు కూడా చేరలేదు.

మార్చి మూడో వారంలో చిన్నమ్మను నగరం తీసుకుపోయాం. రక్తం గడ్డకట్టే పరీక్ష చేశారు. పైత్యరసం పేగులోకి పోకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టదు. అందుకని ముందు ఆ ఇంజెక్షన్లు ఇచ్చారు, యాంటీబయాటిక్ ఇచ్చారు. తర్వాత గొట్టం పెట్టారు. గంట పట్టిందేమో. ఆమె అరిచిన అరుపు బయటికి వినపడింది. నొప్పి ఉండదని మేం రాయం. ఆ రాత్రి చలిజ్వరం కూడా వచ్చింది. అయితే నాలుగో రోజు నించి దురద తగ్గింది. తగ్గడమంటే మామూలు తగ్గడం కాదు, మూడు నెలల తర్వాత ఆమె రాత్రంతా నిద్రపోయింది. మంచం పక్కన కూచున్న కూతురు, నిద్రపోతుందా లేక పోయిందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఇంకా అయిదు నెలలు బతికింది. మధ్యలో ఒకసారి గొట్టం పూడి జ్వరమొస్తే పోయి మార్పించుకొచ్చాం. అన్నం రుచి తెలిసింది. చేపల పులుసు అడిగి వండించుకుంది. కూతురికి సంబంధం ఖాయమైన రోజు పందిట్లో కూచుంది, ఎవరికెంత పెట్టాలో ఆమే చెప్పింది. క్యాన్సరు తగ్గలేదు. ఈ గొట్టం క్యాన్సరును తగ్గించదు, ఆ సంగతి దాచకూడదు. కామెర్లు దిగితే కొందరికి కీమో ఇవ్వడానికి వీలవుతుంది. చిన్నమ్మకు ఆ వీలు కూడా పోయింది. కామెర్లు దిగేసరికి ఒంట్లో కండ లేదు. పసరుకు నెలన్నర, ‘లాభం లేదు’కు మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాల్లో మా వంతూ ఉంది.

ఇప్పుడు ఆ మాట దగ్గరికొద్దాం. లాభం లేదు. ఎవరికి లాభం? లాభమనేది వ్యాపారి మాట. పెట్టిన డబ్బుకు ఎన్నేళ్ళు వస్తాయని లెక్క. అయిదు నెలల నిద్ర ఆ లెక్కలో ఎక్కడ వేస్తారు? ఒక ఆసామికి ఇదే గడ్డ వస్తే ఇదే మాట చెప్పి పంపిస్తారా? రెండో డాక్టరు పేరు, నగరంలో ఆసుపత్రి పేరు, అక్కడెవర్ని కలవాలో ఫోను నెంబరు, అన్నీ రాసిస్తారు. మన కొడుకు మాసిన చొక్కాతో నిలబడితే మాత్రం, వీళ్ళకు చెప్పి ఉపయోగమేమిటి, వీళ్ళెక్కడ తిరుగుతారు, వీళ్ళ దగ్గరేముంది అని ఆ డాక్టరు మనసులోనే తీర్పు రాసేస్తాడు. తిట్టలేదు, కొట్టలేదు, కులం పేరెత్తలేదు. అట్రాసిటీ చట్టం కింద కేసు కాదది. చెప్పాల్సింది చెప్పకపోవడం కూడా ఒక అంటరానితనమేనని మేమంటున్నాం.

డాక్టర్లందర్నీ ఒకే గాటన కట్టడం లేదు. గొట్టం పెట్టిన డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు, తెలుగులో. అట్లా చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.

అందరికీ ఈ గొట్టం పెట్టాల్సిందే అని కూడా మేం అనడం లేదు. ఇందులో ప్రమాదం ఉంది. రక్తస్రావం కావొచ్చు, పైత్య గొట్టాలకు చీముపట్టి ప్రాణం మీదికి రావొచ్చు, గొట్టం జారిపోవచ్చు. నాలుగు రోజుల్లో పోయే మనిషిని బస్సుల్లో తిప్పి సూదులు గుచ్చడం కూడా హింసే. గడ్డ చిన్నదై ఆపరేషన్ చేసి తీసెయ్యగలిగితే మొదట సర్జన్ను అడగాలి, తొందరపడి స్టెంటు వేయించుకోకూడదు. క్లోమం తల క్యాన్సరుతో కామెర్లు వచ్చి, ఆపరేషన్‌కు పనికొచ్చేవాళ్ళ మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. నేరుగా ఆపరేషన్‌కు పోయినవాళ్ళలో నూటికి 39 మందికి పెద్ద ఇబ్బందులొస్తే, ముందు స్టెంటు వేసి తర్వాత ఆపరేషన్ చేసినవాళ్ళలో 74 మందికి వచ్చాయి. అందుకని మంచి స్కాను ముందు, గొట్టం సంగతి తర్వాత. వద్దనుకునే హక్కు కూడా రోగిదే. కానీ వద్దనుకోవాలంటే ముందు అదొకటుందని తెలియాలి గదా! చిన్నమ్మను ఎవరూ అడగలేదు. ఆమె తరఫున ఆ ఆసుపత్రి వద్దనుకుంది.

ఆసుపత్రిలో ఇంకో సంగతి జరిగింది, చిన్నదే. సంచి ఎట్లా ఖాళీ చెయ్యాలో కూతురికి చూపించాల్సిన ఆయమ్మ ముందు "మీరేమిట్లు?" అని అడిగింది. చెప్పాక, దూరం నించి వేలుతో చూపించింది. ఆయమ్మ కూడా మనలాగా కూలికి చేసే మనిషే. ఊరికొచ్చాక, మిరపకోతల బాకీ కూలి అడగడానికి పోతే ఆసామి ఇంట్లో "ఆ సంచితో వాకిట్లోకి రావద్దు" అన్నారు. సంచి లేనప్పుడు మాత్రం రమ్మన్నారా? పసుపుపచ్చ రసం నిండిన ఆ సంచిని కడుపు పక్కన కట్టుకుని, పైన చీరకొంగు కప్పుకుని ఆమె అయిదు నెలలూ పల్లెలో తిరిగింది. లోకం మురికంతా ఎత్తిపోసిన జాతి మనది. మన మనిషి ఒంట్లోంచి వచ్చిన రసం ముట్టుకోవడానికి మనవాళ్ళే మొదట్లో జంకారు. అది అంటదు. సబ్బుతో చేతులు కడుక్కుని ఖాళీ చెయ్యాలి, ఎంత పడిందో రాసుకోవాలి. చెప్పిన ప్రకారం సెలైను సిరంజితో గొట్టం కడగాలి. సంచిని ఎప్పుడూ పొట్టకంటే కిందుగా ఉంచాలి. రసం అంతా బయటికే పోతుంటే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గుతాయి గనక ఓ.ఆర్.ఎస్. తాగించాలి. చలితో జ్వరమొచ్చినా, సంచిలోకి రావడం ఆగినా, రక్తం కనపడినా, గొట్టం బయటికి జారినా ఆ పూటే బయల్దేరాలి, తెల్లారనిద్దాం అనుకోకూడదు. రెండు మూడు నెలలకొకసారి గొట్టం మార్పించాలి. ఈ నాలుగు ముక్కలు ఆశా వర్కరుకు, ఏ.ఎన్.ఎం.కు ఎవరైనా నేర్పారా అని మా మండలంలో అడిగాం. లేదన్నారు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. కార్డు మంచిదే, మనవాళ్ళు దానివల్ల బతికారు. కానీ కార్డు చూపించడానికి పోవాల్సిన ఊరు రెండు వందల కిలోమీటర్ల అవతలుంటే? బస్సు చార్జీలు, తోడుండే ఇద్దరి కూలి, వరండాలో తిండి ఏ కార్డులో వస్తాయి? ఈ పని నేర్చిన డాక్టర్లు దేశంలోనే తక్కువ. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పెద్ద నగరాల్లో ఉన్నారు. మెడికల్ కాలేజీలు పెడుతున్నామని ప్రభుత్వాలు చెప్పుకుంటున్నాయి. ఆ కాలేజీ ఆసుపత్రుల్లో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ గది, అందులో పనిచేసే డాక్టరు, స్టాకులో గొట్టాలూ స్టెంట్లూ ఉన్నాయా అని మనం అడగాలి. లేకపోతే, లేదని రాసిమ్మని సమాచార హక్కు కింద అడగాలి. ‘ఇంటికి తీసుకెళ్ళండి’ అనే ముందు ఏమేం దారులున్నాయో, ఎక్కడున్నాయో తెలుగులో కాగితం మీద రాసివ్వాలని అడగాలి. గొట్టం కుదరనివాళ్ళకు నొప్పి మందులు దగ్గర్లో దొరకాలి. మార్ఫిన్ ఇవ్వడానికి అడ్డమున్న లైసెన్సుల చట్టాన్ని 2014లో సడలించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. ఆ మందు మన జిల్లాలో ఎక్కడ దొరుకుతుందో మన కమిటీల్లో ఎంతమందికి తెలుసు?

కమిటీలనే అడుగుతున్నాం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనం ఎఫ్.ఐ.ఆర్. చదవడం నేర్చుకున్నాం. శవపరీక్ష కాగితంలో గాయాల లెక్క సరిచూడటం నేర్చుకున్నాం. లాయరు లేకపోయినా సెక్షన్లు చెప్పగలిగే కార్యకర్తలు ప్రతి మండలంలో ఉన్నారు. చచ్చినవాళ్ళ కాగితం చదవడం నేర్చినవాళ్ళం, బతికున్న మనిషి స్కానింగు కాగితం దగ్గర తలొంచుకుని కూచున్నాం. మన పల్లె కాగితాన్ని చదివింది ఇరవై ఏళ్ళ నర్సింగు పిల్ల. హాస్టలు భోజనం బాగాలేదని పోయినేడు ధర్నాకు కూచున్న పిల్లల్లో ఆమె ఒకతి. ‘రిజర్వేషను చదువులు’ అని నోరు పారేసుకునేవాళ్ళు ఇది కూడా రాసుకోండి.

ఆ పిల్ల వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ సెలవుకొస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం చర్చి అయ్యాక కమ్యూనిటీ హాల్లో కూచుందాం. పది ఊళ్ళ కమిటీల నించి ఇద్దరేసి రండి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. మీ పల్లెల్లో ఈ రెండేళ్ళలో కామెర్లతో పోయినవాళ్ళెవరు, స్కానింగు తీశారా, డాక్టరేమన్నారు, పాత కాగితాలుంటే తీసుకురండి. ఎవరి ఇంట్లోనన్నా ఇప్పుడు కళ్ళు పచ్చబడి దురదతో ఉన్నవాళ్ళుంటే ఆదివారం దాకా ఆగొద్దు, ఈ సంచిక చూసిన రోజే కబురు చెయ్యండి. తోడు వస్తాం.

చిన్నమ్మ కూతురు మొన్న వచ్చి, వాడకుండా మిగిలిన సంచులు మూడు, సీలు విప్పని సిరంజిలు ఒక పొట్లం మాకిచ్చిపోయింది. పత్రిక ఆఫీసులో బీరువా పై అరలో ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి తీసుకుపోండి.